వేసవి చదరంగం శిబిరానికి తొలిసారి వెళ్తున్నారా? ఇలా సిద్ధమవుదాం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి ఊళ్లలో చదరంగం బాగా ఆడే పిల్లలకు ఒక దశ వస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లను కూడా ఓడించేస్తుంటారు. జిల్లా పోటీలకు వెళ్తే ఎప్పుడూ ఆ నలుగురైదుగురే ఎదురుపడతారు. ఫోన్‌లో మూడు నిమిషాల ఆటలు వందలకొద్దీ ఆడతారు గానీ రేటింగ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బల్లకు అవతల మూడు నాలుగు గంటలు కదలకుండా కూర్చుని మన ప్రతి ఎత్తునూ అనుమానించే మనిషి దొరకడు. వేసవిలో వారం పది రోజులు అక్కడే ఉండి నేర్చుకునే రెసిడెన్షియల్ శిబిరం పనికొచ్చేది సరిగ్గా ఇప్పుడే. మన వైపు వాళ్లకు అందుబాటులో ఉండేవి ఎక్కువగా చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, విజయవాడల్లో జరిగేవి.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పుకుందాం. అనుభవం ఉన్న ఆటగాళ్ల శిబిరంలో కొత్త పాఠాలు చెప్పడం కన్నా మన ఆటలోని లొసుగులు బయటపెట్టడమే ఎక్కువ జరుగుతుంది. కాబట్టి సొంత ఆటలు రాసుకుని వెళ్లిన పిల్లలు చాలా తెచ్చుకుంటారు. ఉత్త చేతులతో వెళ్లినవాళ్లు పక్కవాళ్ల ఆటలు చూసి వస్తారు. ఈ వ్యాసంలో సగానికి పైగా ప్రయాణానికి ముందు చేయాల్సిన పని గురించే ఉండటానికి కారణం ఇదే.

ఇది పాత పద్ధతే. ప్రపంచ చాంపియన్ మిఖాయిల్ బోత్విన్నిక్ 1963లో సోవియట్ యూనియన్‌లో పిల్లలకు బడి పెట్టినప్పుడు దాన్ని ఏడాది పొడవునా నడపలేదు. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు ఏడాదిలో కొన్నిసార్లు కొద్దిరోజుల కోసం వచ్చేవారు. తమ ఆటలు తామే బోర్డు మీద చూపించి వివరించేవారు. ఆయన తప్పులు పట్టి, ఇంటిపని ఇచ్చి పంపేవారు. కార్పోవ్, కాస్పరోవ్, ఆ తర్వాత క్రామ్నిక్ అలా తయారైనవాళ్లే. ఆ క్రామ్నిక్ 2019లో ఫ్రాన్స్‌లో మన దేశపు పిల్లలకు శిబిరం నడిపితే అందులో ప్రజ్ఞానంద, గుకేశ్ ఉన్నారు. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ పోటీకి అతన్ని సిద్ధం చేసిన బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నారు. ఎంత ఎదిగినా నలుగురితో కూర్చుని ఆట విప్పి చూసుకోవడం తప్పదన్నమాట.

ఎవరు వెళ్లొచ్చు?

ఎత్తులు తడుముకోకుండా రాయగలగాలి. రేటింగ్ పోటీలు కొన్ని ఆడి ఉండాలి. ఏనుగుల ఎండ్‌గేమ్‌లో లూసెనా, ఫిలిడార్ స్థితులు ఎలా ఉంటాయో తెలిసి ఉండాలి. 2024 మార్చి 1 నుంచి అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) కనీస రేటింగు 1400కి పెరిగింది కాబట్టి, జాబితాలో పేరు ఉన్న పిల్లలంతా 1400 పైవాళ్లే. రేటింగు ఇంకా రానివాళ్లను కొన్ని శిబిరాలు చేర్చుకుంటాయి, కొన్ని చేర్చుకోవు. ముందే అడిగి తెలుసుకోండి.

ఇంకో పరీక్ష ఇంట్లోనే పెట్టుకోవచ్చు. అమ్మానాన్న లేకుండా ఎప్పుడూ ఎక్కడా పడుకోని పిల్లలను ముందు అమ్మమ్మ ఇంట్లోనో మేనత్త ఇంట్లోనో నాలుగు రోజులు ఒంటరిగా ఉంచి చూడండి. తన బట్టలు తను ఉతుక్కుని, టైముకు తిని, రాత్రి ఏడవకుండా పడుకుంటే శిబిరానికి సిద్ధమైనట్టే. లేకపోతే ఈ ఏడాదికి ఆగండి. పది రోజులు ఇంటి మీద బెంగతో కూర్చున్న పిల్లలకు ఏ పాఠమూ ఎక్కదు.

కావలసినవి

1. ఆటల ఫైలు. మీరు ఆడిన పెద్ద ఆటలు పది. ఎలా తయారు చేయాలో కింద చూద్దాం.

2. రెండు లాంగ్ నోట్‌బుక్‌లు. ఒకటి పాఠాలకు, ఇంకోటి మీరు పరిష్కరించే స్థితులకు. రెండూ ఒకదాంట్లో కలిపేస్తే ఇంటికొచ్చాక ఏదీ దొరకదు. నీలం, ఎరుపు పెన్నులు, రెండు పెన్సిళ్లు.

3. చుట్టి పెట్టుకునే వినైల్ బోర్డు, పోటీల్లో వాడే సైజు పావులు. రాజు ఎత్తు తొమ్మిదిన్నర సెంటీమీటర్ల దగ్గర ఉంటే చాలు. సంచి మీద పేరు, ఊరు రాయండి. అడుగున కూడా పేరు రాయడం మరిచిపోకండి, అక్కడ అందరి సంచులూ ఒకేలా ఉంటాయి. అదనపు మంత్రులతో కలిపి 34 పావులు ఉన్నాయో లేదో బయల్దేరే ముందు లెక్కపెట్టుకుందాం.

4. డిజిటల్ గడియారం ఉంటే తీసుకెళ్లండి. లేకపోతే కొనాల్సిన పనిలేదు, చాలాచోట్ల వాళ్లే ఇస్తారు. దాన్ని 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు కలిసేలా ఎలా పెట్టాలో మాత్రం నేర్చుకుని వెళ్లాలి.

5. కాగితాలు: ఆధార్ జిరాక్సు, జనన ధ్రువీకరణ పత్రం జిరాక్సు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఫిడే ఐడీ, ఏఐసీఎఫ్ నమోదు నంబరు. అలర్జీలు, రోజూ వేసుకునే మందులు ఉంటే ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి వార్డెన్ చేతికి ఇవ్వండి.

6. హాస్టల్ సామాను: దుప్పటి, దిండు గలీబు, తువ్వాళ్లు, చెప్పులు, తాళంకప్ప రెండు తాళంచెవులతో, నీళ్ల సీసా, దోమల క్రీము, ఓఆర్‌ఎస్ పొట్లాలు. బకెట్టు, మగ్గు వాళ్లిస్తారో లేదో కనుక్కోండి. ఆడేటప్పుడు వేసుకునేందుకు వదులుగా ఉండే నూలు బట్టలే మేలు.

7. తినుబండారాలు: వేరుశనగ ఉండలు, చెక్కలు, మురుకులు. నూనె కారేవి వద్దు. ఆ చేత్తో ముట్టిన పావులు జిడ్డు పట్టిపోతాయి.

పద్ధతి

ప్రయాణానికి ముందు

1. శిబిరం ఎంచుకుందాం. మన బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా సెలవులు ఉంటాయి కాబట్టి ఫిబ్రవరి, మార్చిల్లోనే వెతకడం మొదలుపెట్టాలి. ప్రకటనలో గ్రాండ్‌మాస్టర్ ఫొటో చూసి డబ్బు కట్టేయకండి. ముందు ఫోన్ చేసి ఇవి అడగండి. ఫొటోలో ఉన్నాయన పది రోజులూ ఉంటారా, ఒక్క పూట వచ్చి వెళ్తారా? ఒక్కో కోచ్‌కు ఎంతమంది పిల్లలు? రేటింగును బట్టి జట్లు విడదీస్తారా? పిల్లల సొంత ఆటలు చూస్తారా? రాత్రి పిల్లలతో ఎవరు పడుకుంటారు? ఆడపిల్లలకు వేరే గదులు, మహిళా వార్డెన్ ఉన్నారా? మధ్యలో వచ్చేయాల్సి వస్తే డబ్బు వెనక్కిస్తారా? జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి.

కోచ్ పేరును ఫిడే రేటింగుల సైట్‌లో వెతికితే ఆయన రేటింగు, ఆటగాడిగా ఉన్న బిరుదు, ట్రైనర్ బిరుదు ఉంటే అదీ కనబడతాయి. ఫిడే ట్రైనర్ అన్నది ఆటగాడి బిరుదు కాదు, నేర్పేవాళ్లకు ఇచ్చేది. రెండూ ఒకరికే ఉండాలని లేదు. నన్నడిగితే, ఈ వయసు పిల్లలకు ఓపికగా ఆట విని తప్పు పట్టే కోచ్ ముఖ్యం. పెద్ద బిరుదు ఆ తర్వాత సంగతి.

ఆడపిల్లలను పంపడానికి ఇంకా తటపటాయించే ఇళ్లున్నాయి. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయ్యారు. గ్రాండ్‌మాస్టర్ ద్రోణవల్లి హారిక కూడా మన రాష్ట్రం అమ్మాయే. వార్డెన్ గురించి, గదుల గురించి ఎన్ని ప్రశ్నలైనా అడగండి, తృప్తి కలిగాక మాత్రం అమ్మాయిని పంపండి.

2. ప్రయాణం ఖాయం చేసుకుందాం. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది, వేసవిలో సీట్లు త్వరగా అయిపోతాయి. కుప్పం వాళ్లకు ఈ బాధ తక్కువ. చెన్నై, బెంగళూరు రైలు మార్గం ఊరి మీదుగానే పోతుంది. పుంగనూరుకు రైలు లేదు కాబట్టి బస్సులో మదనపల్లెకో పలమనేరుకో వచ్చి అక్కడి నుంచి బండి మారాలి. మదనపల్లె వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. టికెట్టు మీద ఉండే మదనపల్లె రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, సీటీఎం దగ్గర పాకాల, ధర్మవరం లైను మీద ఉంది. బెంగళూరుకైతే నేరుగా బస్సే సుఖం. చెన్నై, విజయవాడ, హైదరాబాద్ వైపు తిరుపతి వెళ్లి రైలెక్కడం తేలిక.

శిబిరం మొదలయ్యే రోజు పొద్దున దిగేలా కాకుండా ముందురోజు సాయంత్రానికే చేరేలా చూసుకోండి. రాత్రంతా బస్సులో కునికిన పిల్లలు జట్లు విడదీయడానికి తొలిరోజు పెట్టే లెవెల్ పరీక్ష పాడుచేసుకుని కింది జట్టులో పడతారు.

3. పది ఆటలు రాద్దాం. అసలు పని ఇదే, దీనికి మూడు నాలుగు వారాలు పెట్టుకోండి.

ముందు స్కోర్‌షీట్లు బయటికి తీయండి. పోటీల్లో మనకిచ్చే కార్బన్ కాపీలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, అందుకే ముందుగా వాటిని లిచెస్ సైట్‌లో ఉచితంగా దొరికే స్టడీలోకి ఎక్కించుకుందాం. ఎక్కించేటప్పుడు ఇంజిన్ మీట ఆఫ్‌లో ఉండాలి. పదిలో కనీసం ఐదు ఓడిపోయినవి, రెండు డ్రాలు ఉండాలి. గెలిచిన ఆటల్లోనూ సులువుగా గెలిచినవి వద్దు, కష్టపడి గెలిచినవి ఎంచుకోండి. అన్నీ 90 నిమిషాల ఆటలే కావాలి. బ్లిట్జ్ ఆటలు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

ఇప్పుడు బోర్డు పరిచి, ఒక్కో ఆటనూ మొదటి నుంచి ఆడుకుంటూ పోదాం. మూడు చోట్ల ఆగాలి. మనకు తెలిసిన ఓపెనింగు ఎక్కడ అయిపోయిందో అక్కడ ఒకసారి. ఎక్కువసేపు ఆలోచించిన చోట ఒకసారి. ఆట చేయి మారిందని మనకు అనిపించిన చోట ఇంకోసారి. ప్రతిచోటా అప్పుడు బుర్రలో ఏం నడిచిందో నీలం పెన్నుతో రాయాలి.

ఎలా రాయాలో ఒక మచ్చు చూద్దాం. పద్దెనిమిదో ఎత్తు పక్కన "తప్పు" అని రాసి వదిలేస్తే కోచ్‌కు అంతుపట్టేది ఏమీ ఉండదు. "ఏనుగును డి1కి తేవాలా ఇ1కి తేవాలా అని పన్నెండు నిమిషాలు ఆలోచించాను. డి గీత తెరుచుకుంటుందని డి1 ఎంచుకున్నాను. అతని గుర్రం ఎఫ్4కి వస్తుందని చూడనే లేదు" అని రాశారనుకోండి. మన ఆలోచన ఎటు పోయిందో, ఎక్కడ ఆగిపోయిందో ఆయనకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. పది ఆటల్లో ఇలాంటివి నాలుగు కనబడితే, ఎదుటివాడి ఎత్తు చూడకుండా మన ఎత్తే చూసుకునే జబ్బు మనకుందని మందు కూడా అక్కడే రాసిస్తారు.

ఎంతసేపు ఆలోచించామో ఎలా గుర్తుంటుందని అడుగుతారేమో. ఇకనుంచి పోటీల్లో ఎత్తు పక్కనే గడియారంలో మిగిలిన సమయం రాయడం అలవాటు చేసుకోండి. ఫిడే నియమాలు దీనికి ఒప్పుకుంటాయి. ఎత్తు ఆడకముందే రాసుకోవడానికి మాత్రం ఒప్పుకోవు.

అంతా రాసేశాకే ఇంజిన్ తెరుద్దాం. అది చూపించిన తప్పులు ఎర్ర పెన్నుతో చేర్చండి. నీలం రాతను కొట్టేయొద్దు, దిద్దొద్దు. మన ఆలోచనకూ నిజానికీ మధ్య దూరం ఎంతో చూపించేవి ఆ రెండు రంగులే. పని అయ్యాక పీజీఎన్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి ఉంచి, కాగితం మీద ప్రింటు కూడా తీసుకోండి.

4. ఓపెనింగులు ఒక్క పేజీలో రాద్దాం. తెల్లపావులతో మొదటి ఎత్తు ఏమిటి, దానికి వచ్చే నాలుగైదు జవాబులకు మనం ఏం ఆడతాం, నల్లపావులతో రాజు బంటుకు, మంత్రి బంటుకు ఏం జవాబిస్తాం. అంతే. చూపించడానికి సిగ్గుపడే లైన్లు కూడా రాయండి.

5. రాసి పరిష్కరించడం అలవాటు చేసుకుందాం. శిబిరాల్లో ఒక స్థితి ఇచ్చి జవాబు కాగితం మీద రాయమంటారు. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. జవాబు తడుతుంది, కానీ రాయడం రాదు. రిచర్డ్ రేటి 1921లో కూర్చిన ప్రసిద్ధమైన స్థితి మీద సాధన చేద్దాం. బోర్డు మీద నాలుగే పావులు పెట్టండి. తెల్ల రాజు హెచ్8, తెల్ల బంటు సి6. నల్ల రాజు ఎ6, నల్ల బంటు హెచ్5. ఎత్తు తెల్లది, డ్రా చేయాలి.

పావులను ముట్టుకోకుండా పావుగంట చూడండి. నల్ల బంటు పరుగెత్తితే మన రాజు అందుకోలేడు, రెండు ఎత్తులు వెనకబడ్డాడు. మన బంటునేమో నల్ల రాజు రెండు ఎత్తుల్లో తినేస్తాడు. దారే లేదనిపిస్తుంది. ఇప్పుడు ఇలా రాద్దాం.

మొదటి ఎత్తు రాజు జి7, నల్ల బంటు హెచ్4. రెండో ఎత్తు రాజు ఎఫ్6. ఇక్కడ రెండు కొమ్మలు.

మొదటి కొమ్మ: బంటు హెచ్3కి వస్తే మన రాజు ఇ7. బంటు హెచ్2, మన బంటు సి7. నల్ల రాజు బి7, మన రాజు డి7. రెండు బంట్లూ మంత్రులవుతాయి, డ్రా.

రెండో కొమ్మ: నల్ల రాజు బి6కి వస్తే మన రాజు ఇ5. ఇక్కడ మళ్లీ రెండు రెమ్మలు. అతను సి6 బంటును తింటే మన రాజు ఎఫ్4కి వెళ్లి నల్ల బంటును అందుకుంటాడు. అతను బంటును హెచ్3కి తోస్తే మన రాజు డి6కి వెళ్లి సొంత బంటుకు కాపు కాస్తాడు. రెండిట్లోనూ డ్రానే.

ఐమూల నడిచిన రాజు ఒకే అడుగుతో నల్ల బంటును వెంటాడుతూ సొంత బంటుకూ దగ్గరవడం ఇందులోని కిటుకు. మన పాఠం మాత్రం రాతలో ఉంది. మొదటి ఎత్తు ఒక్కటే రాసి చేయెత్తితే సగం మార్కులు కూడా రావు, ఎదుటివాడి ప్రతి మంచి జవాబుకూ ఒక కొమ్మ ఉండాలి. రోజుకు రెండు స్థితులు ఇలా రాస్తే శిబిరం నాటికి చేయి తిరుగుతుంది.

తెలుగు మీడియం పిల్లలు ఇంకొక పని చేయాలి. అక్కడ ఏనుగును రూక్ అని, శకటును బిషప్ అని, గుర్రాన్ని నైట్ అని పిలుస్తారు. రాసేటప్పుడు రాజుకు కె, మంత్రికి క్యూ, ఏనుగుకు ఆర్, శకటుకు బి, గుర్రానికి ఎన్. వారం రోజులు ఇంట్లో ఈ పేర్లతోనే ఆడితే చాలు. కుప్పం పిల్లలకు తమిళం కూడా నాలుక మీదే ఉంటుంది కాబట్టి చెన్నైలో వాళ్లకు కాలు నిలదొక్కుకోవడం తేలిక.

6. ఆఖరి వారం నిద్ర సరిచేద్దాం. సెలవుల్లో అర్ధరాత్రి దాకా మేలుకుని తొమ్మిదింటికి లేచే పిల్లలు శిబిరంలో ఆరింటికి లేవలేరు. రోజుకు అరగంట చొప్పున ముందుకు జరపండి. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, కుప్పం, పుంగనూరు కూడా మిట్ట మీది ఊళ్లే. మే నెలలో చెన్నై, విజయవాడల ఉక్క మనకు అలవాటు లేదు. దాహం వేయకముందే నీళ్లు తాగడం ఇప్పట్నుంచే నేర్పండి.

శిబిరంలో

7. తొలిరోజు సామాను సర్దుకుని, తాళం వేసి, కోచ్‌లకు కనిపించి ఆటల ఫైలు ఇచ్చేద్దాం. "సార్, ఇవి నా ఆటలు. ఎండ్‌గేమ్‌లో టైము చాలడం లేదు, అది ముందు చూడండి" అని ఒక్క సమస్య పేరు పెట్టి చెప్పాలి. "నా ఆట ఎలా ఉంది సార్?" అని అడిగితే "బాగుందమ్మా" అనే జవాబే వస్తుంది. లెవెల్ పరీక్షలో తెలియనిది తెలియదని వదిలేయండి. పక్కవాళ్ల కాగితం చూసి పై జట్టులోకి వెళ్తే పది రోజులూ అర్థంకాని పాఠాలు వినాలి.

8. రోజంతా ఎలా గడుస్తుందో చూద్దాం. చాలాచోట్ల పొద్దున వ్యాయామం, టిఫిను అయ్యాక మధ్యాహ్నం దాకా పాఠం, స్థితులు, తిని కాసేపు పడుకున్నాక శిక్షణ ఆటలు, సాయంత్రం వాటి విశ్లేషణ, గంటసేపు బంతాటో బ్యాడ్మింటనో ఉంటాయి. ఆటస్థలానికి తప్పకుండా వెళ్లండి. గదిలో పడుకుని ఇంకో పది పజిళ్లు చేద్దామనిపిస్తుంది గానీ నాలుగో రోజుకల్లా తల పనిచేయదు.

పాఠంలో బోర్డు మీద కనిపించిందల్లా కాపీ కొట్టొద్దు. కోచ్ ప్రశ్న వేసినప్పుడు ముందు మన జవాబు రాసి, తర్వాత అసలు జవాబు దాని పక్కన రాద్దాం. మన జవాబు తప్పయితే "నేను ఈ ఎత్తు అనుకున్నాను, ఎందుకు కుదరదు?" అని అడగాల్సిందే. తప్పు జవాబు చెప్పడానికి భయపడేవాళ్లకు ఇంత దూరం వచ్చిన ఫలం దక్కదు. ఈ ఒక్క విషయంలో నేను పిల్లల్ని వదిలిపెట్టను.

9. శిక్షణ ఆటలను పోటీ ఆటల్లాగే ఆడదాం. ఎత్తులు రాయాలి. ముట్టుకున్న పావు కదపాలి. తొందరగా డ్రా అడగకూడదు. ఇక్కడ రేటింగు పోదు కాబట్టి, మనకు భయమున్న స్థితుల్లోకి కావాలని వెళ్లడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఎప్పుడూ మంత్రులు మార్చేసుకుని హాయిగా ఆడే పిల్లలు ఒక్క ఆటైనా మార్చకుండా ఆడి చూడండి. ఆట అయిపోగానే ఎదుటివాళ్లతో కూర్చుని పావుగంట మాట్లాడుకోండి. వాళ్లు ఏమనుకున్నారో వినడమే అక్కడ పని, గెలిచామని వాదించడం కాదు.

10. రాత్రి పడుకునే ముందు ఒక్క పేజీ. ఆ రోజు తెలుసుకున్న ఒక తప్పు, ఆ తప్పు కనిపించిన స్థితి, రేపు అడగాల్సిన ప్రశ్న. పది నిమిషాలు మించదు.

11. అమ్మానాన్నలు రోజుకు ఒక్కసారి, శిబిరం వాళ్లు చెప్పిన వేళకే ఫోన్ చేయండి. "ఇవాళ ఎన్ని గెలిచావు?" అని అడిగితే మరుసటి రోజు నుంచి పిల్లలు జాగ్రత్తగా ఆడటం మొదలుపెడతారు, భయమున్న చోటికి వెళ్లరు. "ఇవాళ సార్‌కు ఏ ఆట చూపించావు?" అని అడిగి చూడండి.

ఇంటికొచ్చాక

12. వచ్చిన మూడు రోజుల్లోపు నోట్‌బుక్ తెరిచి, కోచ్ చూసిన ఆటలను కొత్తగా రాద్దాం. ఆలస్యమైతే మన కొక్కిరిబిక్కిరి రాత మనకే అర్థం కాదు. తర్వాత కోచ్ చెప్పిన లోపాల్లోంచి రెండే తీసుకోండి. ఒకటి ఎండ్‌గేమ్‌లో, ఒకటి ఆలోచించే తీరులో. జూన్, జులై నెలలు వాటికే. బోత్విన్నిక్ పిల్లలను ఇంటిపనితో పంపినట్టే మీ కోచ్ కూడా పంపితే దాన్ని గడువులోపు పూర్తిచేసి మెయిల్ చేయండి. పంపినవాళ్లను కోచ్‌లు మరిచిపోరు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

1. ఇంజిన్ రాసిపెట్టిన విశ్లేషణను మనదిగా చూపించడం. కోచ్ మొదటి ప్రశ్నకే దొరికిపోతాం. అంతకన్నా నష్టం, మన అసలు లోపం దాగిపోతుంది.

2. రాత్రుళ్లు గదిలో బ్లిట్జ్ ఆడటం. కొత్త స్నేహితులు, ఊళ్లో దొరకని ప్రత్యర్థులు. ఆశ పుట్టడం సహజమే. ఒంటిగంట దాకా ఆడిన పిల్లలు మరుసటి పొద్దున పాఠంలో కళ్లు తెరిచి నిద్రపోతారు. ఆడాలనుంటే సాయంత్రం ఆడుకోండి, దీపాలార్పే వేళకు బోర్డు సంచిలోకి వెళ్లిపోవాలి.

3. వచ్చీరాగానే ఓపెనింగ్ మార్చేయడం. పక్కమంచం అబ్బాయి సిసీలియన్ ఆడి గెలిచాడని మనమూ మొదలుపెడతాం. కొత్త ఓపెనింగు చేతికి రావాలంటే నెలలు పడుతుంది. కోచ్ మార్చమంటేనే మార్చండి.

4. ఒకే ఊరి పిల్లలు ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర ఉండిపోవడం. ఇంటి దగ్గర రోజూ ఆడేవాళ్లతో ఆడటానికి ఇంత దూరం రావక్కర్లేదు. వేరే గది అడగండి.

5. తిండి మానేయడం. రాగి సంగటి, వేరుశనగ చట్నీ అలవాటైన నోటికి హాస్టల్ కూరలు చప్పగా ఉంటాయి. బిస్కెట్లతో సరిపెట్టుకుంటే మధ్యాహ్నం ఆటలో మూడో గంటకు చూపు తేలిపోతుంది. ఊరగాయ చిన్న సీసాలో పంపండి, మూత గట్టిగా బిగించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి.

6. శిబిరం ముగిసిన మర్నాడే పోటీకి పేరు ఇవ్వడం. బుర్ర నిండా కొత్త విషయాలు ఉన్నప్పుడు ప్రతి ఎత్తు దగ్గరా అనుమానం వస్తుంది, టైము చాలదు, రేటింగు పడుతుంది. "ఇంత డబ్బు పెట్టి పంపితే ఇదా?" అని ఇంట్లో మాట వస్తుంది, పిల్లల మనసు విరుగుతుంది. మూడు నాలుగు వారాలు ఆగి, జూన్ చివర్లోనో జులైలోనో 90 నిమిషాల పోటీ ఒకటి చూసుకుని ఎంట్రీ కట్టండి. ఆ పోటీలో ఫలితం ఏదైనా సరే, స్కోర్‌షీట్లన్నీ జాగ్రత్తగా దాచండి. వచ్చే వేసవికి తీసుకెళ్లాల్సిన పది ఆటల్లో మొదటివి అవే.